క్రైస్తవ జీవితమున నియమము

విశ్వాసము హృదయమునకు సంబంధించినదే యైనను, నిత్యాభ్యాసము తోడుపడనిచో అది నిలువదని గ్రహించిన పునీత బెనెడిక్టు, 6వ శతాబ్దమున ఇటలీలోని మోంతె కస్సీనో కొండపై మఠము నెలకొల్పి, తన సహవాసులకై 73 అధ్యాయముల నియమావళిని రచించెను. ప్రార్థన, పఠనము, కాయకష్టము అను మూటికిని అందు వేళలు కలవు. 150 కీర్తనలును వారమునకొకమారు పూర్తి కావలెను. మఠములోని పనిముట్లను సైతము బలిపీఠముమీది పాత్రలవలె పదిలముగా చూచుకొనవలెను.

ఇంత కట్టడిలోను నన్ను మిక్కిలి ఆకర్షించునది ఆయన కారుణ్యము. రాత్రి ప్రార్థనకు నిద్రమత్తున ఆలస్యముగా వచ్చువారికి వ్యవధి చిక్కుటకై, ఆరంభమున ఒక కీర్తనను కావలెననియే మెల్లగా సాగదీసి పాడుమనెను. వృద్ధులకును బాలురకును ఆహారనియమమును సడలించెను. బలవంతుడు ఇంకను ముందునకు పోగోరునట్లును, బలహీనుడు బెదరి పారిపోకుండునట్లును సమస్తమును మితముగా నడపుట మఠాధిపతికి ఆయన విధించిన బాధ్యత.