పెరటి తోట – రక్తపుష్టి

మన దేశమునందు కడుపునిండ భుజించుచుండియు రక్తము చాలక బాధపడువారు అనేకులు కలరు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు శిశువులలో నూటికి 67 మందికిని, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికిని రక్తహీనత కలదు. ఆహారములో ఇనుము చాలకుండుట ఇందులకు ముఖ్యకారణములలో నొకటి. ప్రేగులలో చేరి రక్తమును పీల్చు కొంకిపురుగులు మరియొక కారణము. పెరటి తోటకు ఈ రెండింటితోను సంబంధము కలదు. శుభ్రముగా పెంచిన తోట మొదటి కొరతను తీర్చుటకు తోడ్పడును. అశుభ్రమైన తోట రెండవ కీడును ఇంటికి తెచ్చును. కావున పెరటి తోటను ఎట్లు పెంచవలెనో ప్రతి గృహస్థుడును, గృహిణియు తెలిసికొనుట అవసరము.

ఏమి పెంచవలెను?

స్థలము కొంచెమే యున్నచో మొదట ఆకుకూరలకే తావీయవలెను. తోటకూర, పాలకూర, మెంతికూర, గోంగూర, బచ్చలి, పొన్నగంటి మన నేలలకు అలవాటైన మొక్కలు. వీనిలో ఇనుముతోపాటు, రేచీకటి రాకుండ కాపాడు ఎ విటమినుగా దేహములో మారెడి పదార్థము కూడ కలదు. పెరటి మూలను ఒక మునగచెట్టు, ఒక కరివేపచెట్టు, ఒక నిమ్మచెట్టు ఉన్నచో మరియు మేలు.

మడి వెడల్పు ఒక మీటరుకు మించరాదు. అట్లయినచో మడిని త్రొక్కకుండ ఇరుప్రక్కలనుండియు కలుపు తీయవచ్చును. తోటకూర విత్తనములు మిక్కిలి సన్నవి. ఇసుక కలిపి చల్లినచో ఒక్కచోటనే గుట్టగా పడవు. మడినంతయు ఒకేసారి విత్తక, సగము ముందుగాను, తక్కిన సగము పదిదినముల తరువాతను విత్తవలెను. తోటకూర ఇంచుమించు నెలనాళ్ళకు కోతకు వచ్చును. వేరుతో పెరుకక, మొదట కొన్ని కణుపులు విడిచి కోసినచో మరల చిగిర్చును. ఇట్లు ఇంటిలో ఆకుకూరకు లోటుండదు.

ఎరువు

మొక్కకు వలసిన ఆహారము చాలవరకు ఇంటి చెత్తలోనే ఉన్నది. ఆల్బర్ట్ హోవార్డ్ అను శాస్త్రజ్ఞుడు 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పనిచేసి, ఆకు, అలము, పేడ, మట్టి కలిపి మాగబెట్టు పద్ధతిని స్థిరపరచెను. యశ్వంత్ వాడ్ ఆయనకు సహకారి. అది నేటికిని ‘ఇండోరు పద్ధతి’ యని లోకమంతట ప్రసిద్ధము.

ఇంటివద్ద దీనిని సులభముగా చేయవచ్చును. పొడవు, వెడల్పు, లోతు ఒక్కొక్క మీటరుగా గుంట త్రవ్వవలెను. అడుగున ఎండుటాకులు జానెడు మందమున పరచి, పైని కూరగాయల తొక్కులు, కలుపుమొక్కలు వేసి, పేడనీళ్ళు చిలుకరించి, పిడికెడు పాతమట్టి చల్లవలెను. గుంట నిండువరకు ఇట్లే వరుసలు పేర్చవలెను. గుప్పెడు తీసి పిండినచో ఒకటి రెండు చుక్కలు మాత్రము నీరు రావలెను. అంతకుమించి తడి యున్నచో కుళ్ళి దుర్వాసన వచ్చును. పక్షమున కొకసారి తిరుగవేయవలెను. రాశి లోపల 55 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడి పుట్టి కొన్నిదినములు నిలిచినచో రోగక్రిములును, కలుపువిత్తనములును చాలవరకు నశించును. ఇనుపచువ్వను లోనికి గ్రుచ్చి కొంతసేపటికి తీసినచో ఆ వేడి చేతికి తెలియును. మూడు నాలుగు మాసములలో ఎరువు నల్లనై, పొడిపొడిగా రాలుచు, తొలకరి మట్టివలె వాసన వేయును.

కుండలలోను, తొట్లలోను చిన్నరాశిగా వేసిన చెత్త అంతగా వేడెక్కదు. కావున అందు పేడ కలుపక, ఆకులు, తొక్కులు మాత్రమే వేయుట మంచిది.

నేల శుభ్రత

పచ్చిపేడను నేరుగా ఆకుకూరల మడిలో వేయరాదు. మానవ మలము నెట్టి పరిస్థితిలోను తోటకు వాడరాదు. ఆరుబయట మలవిసర్జన జరిగిన నేలలో కొంకిపురుగుల పిల్లలు పెరిగి, చెప్పులు లేని పాదముల చర్మముగుండ దేహములో ప్రవేశించును. ఏలికపాముల గ్రుడ్లు మట్టిలో మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు, చావక నిలిచి, కడుగని ఆకుకూరలతోను, మట్టిచేతులతోను నోటిని చేరును. తోటలో పనిచేయునపుడు చెప్పులు తొడుగుకొనవలెను; పని ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. బడులలోను, అంగన్‌వాడీలలోను నులిపురుగుల నిర్మూలన దినమున ఇచ్చు మాత్రలను పిల్లలచే తప్పక మ్రింగింపవలెను.

చీడలు

ఇంటి తోటకు విషపు మందులు అక్కరలేదు. పేనుబంక కనిపించినచో నీటిని గట్టిగా చిమ్మి రాల్చవచ్చును. చీడ హెచ్చినచో 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, మూటకట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, పిండి వడకట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలమున చల్లవలెను. పురుగుపట్టిన ఆకులను ఏరి పారవేయుటయు మందుతో సమానమే.

పురుగుమందు డబ్బా ఇంటిలో ఉండుట యెంత అపాయమో 2013 జులై 16న బీహారులోని సారణ్ జిల్లాలో వెల్లడియైనది. అచ్చట ఒక బడిలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలలో తేలినది. దీనిని కూరగాయలపై వాడుట మన దేశములో 2005 లోనే నిషేధింపబడియుండెను. మందు పోసిన డబ్బాలలో నూనె, నీరు, ధాన్యము ఎన్నడును ఉంచరాదు. వానిలో మొక్కలను సైతము పెంచరాదు.

నీరు

బియ్యము, కూరలు కడిగిన నీటిని పాదులకు పోయవచ్చును. బట్టలసోడా, సబ్బుపొడి కలిసిన నీరు ఆకుకూరలకు తగదు. కుండీల క్రింది పళ్ళెములలోను, తొట్లలోను నీరు నిలువనీయరాదు. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ అట్టి నీటిలోనే గ్రుడ్లు పెట్టును. వారము పదిదినములలో అవి దోమలై ఎగురును. కావున వారమున కొకసారి పాత్రలన్నిటిని ఒంపి, లోపల రుద్ది ఆరబెట్టవలెను.

వంట

ఆకుకూరలను తరుగుటకు ముందే రెండు మూడు నీళ్ళలో కడుగవలెను. తరిగిన పిమ్మట కడిగినచో సారము నీటిలో పోవును. మూతపెట్టి ఉడికించి, ఆ నీటిని పారబోయక పప్పులోనో చారులోనో కలుపవలెను. కొంచెము నూనె వేసినచో ఎ విటమినునకు మూలమైన పదార్థము దేహమునకు బాగుగా పట్టును. దించిన పిమ్మట నిమ్మరసము పిండినచో ఆకులోని ఇనుము ఒంటబట్టును. భోజనము వెంటనే టీ త్రాగుట ఇనుమును పట్టనీయదు; గంటసేపు ఆగవలెను.

రక్తహీనత ముదిరినవారికి ఆకుకూరలు మాత్రమే చాలవు. గర్భిణులు, బాలింతలు, పాలిపోయిన పిల్లలు ఆరోగ్యకేంద్రమునకు పోయి పరీక్ష చేయించుకొని, ఇచ్చిన ఇనుపధాతు మాత్రలను విడువక పుచ్చుకొనవలెను. పెరటి తోట ఆ మాత్రలకు బదులు కాదు, వానికి తోడు. ఒక్క మడితో నేడే ప్రారంభించినచో, నెల తిరుగకముందే పిల్లల విస్తరిలో మన పెరటి ఆకుకూర వడ్డింపవచ్చును.