కొలత కప్పులు

వంటలో చేయి తిరిగినవారు కంటితోనే కొలుస్తారు. కొత్తగా నేర్చుకొనేవారికి మాత్రం కొలపాత్ర కావాలి. పూర్వం తెలుగువారి ఇళ్ళలో గిద్దె, సోల, తవ్వ, మానిక ఉండేవి. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. తమిళనాట పడి, ఆళాక్కు, కర్ణాటకలో సేరు, పావు వాడేవారు. పేరు ఒకటే అయినా పాత్ర ఊరూరా ఒకేలా ఉండేది కాదు. అందువల్ల చిక్కులు వచ్చేవి. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. ఆ తరువాత మెట్రిక్ పద్ధతి దేశమంతటా క్రమంగా అమలైంది. లీటరు ఏ ఊళ్ళోనైనా లీటరే.

నేడు అంగళ్ళలో కొలత కప్పుల జతలు దొరుకుతున్నాయి. సాధారణంగా ఒక జతలో కప్పు, అరకప్పు, కప్పులో మూడో వంతు, పావుకప్పు ఉంటాయి. అయితే అన్ని జతలూ ఒక్కటి కావు. కొన్నింటిలో కప్పు 240 మిల్లీలీటర్లు, కొన్నింటిలో 250 మిల్లీలీటర్లు. ఆ అంకె పాత్రమీద ఉన్నదే కొనాలి. రంగుతో వేసిన అంకెలు తోమగా తోమగా చెరిగిపోతాయి. లోహంమీద చెక్కినవి నిలుస్తాయి. కప్పు అంచు వంకర లేకుండా ఉండాలి. అప్పుడే పిండిని చాకు వీపుతో మట్టంగా గీయగలం.

జతను పరీక్షించడం సులభం. పావుకప్పుతో నాలుగుసార్లు నీళ్ళు పోస్తే పెద్దకప్పు సరిగా నిండాలి. వెలితి పడినా, పొర్లినా ఆ జత నమ్మదగినది కాదు.

కప్పు పరిమాణాన్ని కొలుస్తుంది, బరువును కాదు. కప్పు బియ్యం, కప్పు మరమరాలు సమానంగా తూగవు. అందుచేత ఒక వంటకానికి కావలసినవన్నీ ఒకే జతతో కొలవాలి.

కప్పులతోపాటు 5 మిల్లీలీటర్ల చెంచా కూడా ఇంట ఉండాలి. కొలత తప్పితే ఇడ్లీ గట్టిపడవచ్చు. అది చిన్న నష్టం. విరేచనాలతో నీరసించిన బిడ్డ విషయం అలా కాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకనప్పుడు ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆ చెంచాతో మట్టంగా ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి తాగిస్తారు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. వంటింటి చెంచాలన్నీ ఒకే కొలతవి కావు. కాబట్టి అంకె ఉన్న చెంచానే వాడాలి. కొలపాత్ర విలువ దాని మెరుపులో లేదు, కొలత నిజంగా ఉండటంలో ఉంది.