లేహ్ చేరగానే ఎందుకు తిరగొద్దంటారు?

పిల్లలూ, రామగుండం నుంచి లద్దాఖ్‌లోని హెమిస్ జాతీయ పార్కుకు, మంచు చిరుతలుండే చోటుకు వెళ్దామనుకోండి. ముందు లేహ్ చేరాలి. అక్కడ మొదటి రెండు రోజులూ విశ్రాంతి తీసుకోమంటారు. ఎందుకు?

బొంతలు దొంతరగా పేరిస్తే అడుగుది అణిగిపోతుంది, పైది ఉబ్బుగా ఉంటుంది కదా! గాలీ అంతే. పైనున్న గాలి బరువుకు కింది గాలి కుదించుకుంటుంది. అందుకే గోదావరిఖని బొగ్గుబాయి అడుగున గాలి కాస్త చిక్కన. దాదాపు 3,500 మీటర్ల ఎత్తులోని లేహ్‌లో పల్చన. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సుమారు మూడో వంతు తగ్గుతుంది.

అప్పుడు ఊపిరి, గుండె వేగం పెరుగుతాయి. మెల్లగా, ఆక్సిజన్ మోసే ఎర్ర రక్తకణాలూ పెరుగుతాయి. ఈ సర్దుబాటుకు సమయం కావాలి. కాబట్టి విశ్రాంతి రోజుల్ని ముందే లెక్కలో వేసుకోండి. తలనొప్పి, వాంతులు వస్తే వెంటనే పెద్దలకు చెప్పండి. ఇంకా పైకి ఎక్కొద్దు. తగ్గకపోతే కిందికి దిగాల్సిందే.