‘కసాయి’, ‘ఖస్వత్’ - మాటల తారతమ్యం

దయ లేనివానిని తెలుగులో నిర్దయుడు, కర్కశుడు, రాతిగుండెవాడు అంటారు. అయితే యాచారం, ఇబ్రహీంపట్నం వంటి చోట్ల మొదలుకొని తెలుగునాట అంతటా జనం నోట తరచుగా వినవచ్చే మాట ‘కసాయి’. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత. ఉర్దూ నుండి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం మాంసం కోసి అమ్మి జీవించేవాడని మాత్రమే. వృత్తి పేరు క్రమంగా దుర్గుణానికి పేరయింది. ‘కటికవాడు’ అనే మాటకూ ఇదే గతి పట్టింది.

దివ్యఖుర్ఆన్‌లో హృదయ కాఠిన్యాన్ని తెలిపే పదం ‘ఖస్వత్’. తెలుగు లిపిలో ఇది ‘కసాయి’కి దగ్గరగా కనిపించడం వల్ల రెండూ ఒకటేనని భ్రమ కలుగవచ్చు. అరబీలో మాంసం కోసేవాడు ‘ఖస్సాబ్’. అందులో ఉన్నది ‘సాద్’ అక్షరం, ధాతువుకు అర్థం కోయుట. ‘ఖస్వత్’లో ఉన్నది ‘సీన్’, అర్థం గట్టిపడుట. ఉర్దూలో ‘ఖసాయి’ని రెండు అక్షరాలతోనూ వ్రాయడం కద్దు. గందరగోళానికి ఇదీ ఒక కారణమే.

బఖరా సూరా 74వ ఆయత్ కఠినమైన హృదయాలను రాళ్ళతో పోల్చి, కొన్ని రాళ్ళు పగిలి నీరైనా ఇస్తాయని తెలుపుతుంది. హదీద్ సూరా 16వ ఆయత్ విశ్వాసులనే ఉద్దేశించి, కాలం గడిచేకొద్దీ పూర్వ గ్రంథప్రజల హృదయాలు కఠినమైన సంగతిని హెచ్చరికగా చెబుతుంది. కనుక ఖస్వత్ ఒక వృత్తివారికి అంటిన గుణం కాదు. దైవస్మరణకు దూరమైన ఏ హృదయానికైనా పట్టగల జబ్బు.

ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్‌లోని ‘గలీజల్ ఖల్బ్’ విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. తెలంగాణ వాడుకలో ‘గలీజు’ అంటే మురికి. అరబీలో దాని అర్థం దళసరి, మొరటు. అక్కడి భావం కఠిన హృదయుడనే.

ఇక జిబహ్ విషయం. కత్తికి పదును పెట్టాలనీ, పశువుకు బాధ తగ్గించాలనీ ప్రవక్త (స) ఆదేశించినట్లు షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. గొర్రెను కోసేటప్పుడు తనకు జాలి కలుగుతుందని ఒకరు విన్నవించగా, దానిపై దయ చూపితే అల్లాహ్ నీపై దయ చూపుతాడని ప్రవక్త (స) బదులిచ్చినట్లు ‘అల్ అదబుల్ ముఫ్రద్’ తెలుపుతుంది. అంటే కోసే చేతికి కూడా దయ విధించబడింది.

కనుక అనువాదంలో ‘ఖస్వత్’కు ‘హృదయ కాఠిన్యం’, ‘గుండె బండబారడం’ వంటి మాటలే తగినవి. ‘కసాయితనం’ అంటే అర్థమూ తప్పుతుంది, హలాల్ జీవనోపాధికి నిందా తగులుతుంది. తెలుగులో జుమా ప్రసంగం వినే వరుసలలో ఆ వృత్తివారూ, వారి పిల్లలూ కూర్చొని ఉంటారని వక్తలు గుర్తుంచుకోవాలి.