ఎదుగుచున్న విశ్వాసి

 

బైబిలు దగ్గర ఉన్నవారు రెండవ పేతురు పత్రిక మూడవ అధ్యాయము, పదునెనిమిదవ వచనము తెరవండి. అపొస్తలుడైన పేతురు ఆ పత్రికను ముగిస్తూ ఇచ్చిన చివరి ఆజ్ఞ అక్కడ ఉంది. ప్రభువు కృపలోను, ఆయనను ఎరుగుటలోను విశ్వాసులు ఎదుగుతూ ఉండాలని దాని భావము. గ్రీకు మూలములో ఈ క్రియ ఒకసారి చేసి ముగించే పనిని చెప్పదు, మానక సాగవలసిన పనిని చెబుతుంది. ప్రభువు కొండమీద ప్రసంగములో అడవిపువ్వులు ఎదుగుటను గూర్చి చెప్పినచోట మత్తయి వాడిన క్రియ కూడా ఇదే. ఇది ప్రాణమున్నవాటికి చెందిన మాట.

ప్రియులారా, "మీరు ఎదుగుతున్నారా?" అని అడిగితే మనలో చాలామంది సంవత్సరాలు లెక్క చెబుతారు. "అయ్యగారూ, నేను బాప్తిస్మము తీసుకొని ఇరవై ఏళ్ళయింది. మా తాతల నాటినుండి మేము సంఘములో ఉన్నాము" అంటారు. దేవునికి స్తోత్రము. అయితే వయస్సు వేరు, ఎదుగుదల వేరు.

వరి పండించే రైతును అడగండి. నారుమడిలో నారు పచ్చగా, ఒత్తుగా, చూడముచ్చటగా ఉంటుంది. అయినా అదను రాగానే దానిని పీకి పొలములో నాటుతాడు. అదను దాటిపోయి నారు ముదిరితే, తరువాత నాటినా పిలకలు తక్కువ వేస్తుంది, దిగుబడి తగ్గుతుంది. ఆ నారు చావలేదు, పచ్చగానే ఉంది. కాని నాటవలసిన కాలములో నాటలేదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయములో ఇలాంటి విశ్వాసులే కనబడుతున్నారు. గడిచిన కాలమునుబట్టి చూస్తే వారు ఇతరులకు బోధించవలసినవారు. కాని ఇంకను పాలు త్రాగే స్థితిలోనే ఉన్నారు.

అయితే ఎదుగుదల అంటే ఏమిటి? ఆ ఆజ్ఞ వ్రాసిన పేతురు జీవితములోనే దానికి జవాబు ఉంది. పెంతెకొస్తు దినమున పేతురు పరిశుద్ధాత్మతో నిండి ప్రసంగిస్తే సుమారు మూడు వేలమంది సంఘములో చేర్చబడ్డారు. అతని ఎదుగుదల అక్కడితో పూర్తయిందని మనము అనుకుంటాము. కాలేదు.

అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయము చివర చూడండి. పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట బస చేశాడు. చచ్చిన జంతువుల తోళ్ళతో పనిచేసేవారిని ఆనాటి యూదులు తక్కువగా చూచేవారు. అలాంటి ఇంట దిగడమే ఒక పెద్ద అడుగు. కాని ఆ ఇంటి మిద్దెమీద ప్రార్థనలో ఉండగా దేవుడు దర్శనమిచ్చి, తాను పవిత్రపరచినదానిని నిషిద్ధమనవద్దని చెప్పాడు. ఒక్కసారి చెబితే చాలలేదు, మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. ఆ తరువాతే పేతురు సుమారు యాభై కిలోమీటర్ల దూరములోని కైసరయకు ప్రయాణమై, రోమా శతాధిపతియైన కొర్నేలీ గడప దాటాడు.

ఇక పాఠము వచ్చేసిందా? గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము చదవండి. అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోజనము చేస్తూ ఉండేవాడు. యెరూషలేమునుండి యాకోబు యొద్దనున్న కొందరు రాగానే, వారికి భయపడి మెల్లగా పంక్తి విడిచాడు. అతనిని చూచి మిగిలిన యూదులు, చివరకు బర్నబా కూడా వెనుదీశారు. ఇది క్రీ.శ. 48, 49 ప్రాంతములో జరిగి ఉంటుందని చాలామంది పండితుల అంచనా. అంటే పెంతెకొస్తు జరిగి పదిహేనేళ్ళకు పైనే! అప్పుడు పౌలు అందరి యెదుట అతనిని గద్దించాడు. వారి నడత సువార్త సత్యమునకు సరిగా లేదని చెప్పుటకు పౌలు వాడిన గ్రీకు పదము పాదమునకు సంబంధించినది, తిన్నగా అడుగు వేయుట అని దాని అర్థము. పేతురు సిద్ధాంతములో తప్పు లేదు. సత్యము అతని నోట ఉంది, తలలో ఉంది, పాదములలోనికి ఇంకా పూర్తిగా దిగలేదు.

ప్రియ సహోదరీ, సహోదరుడా, ఎదుగుదల అంటే ఇదే. మనము ఇదివరకే ఒప్పుకొన్న సత్యము, మన జీవితములో ఇంకా చేరని చోటికి చేరుట.

మరి మన సంగతి ఏమిటి? అంతియొకయ పంక్తి మనకు దూరమైనది కాదు. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలు పొందుతాము. బయటికి వచ్చాక, ఎవరి ఇంట భోంచేయవచ్చు, ఎవరి ఇంట చేయకూడదు అని లెక్క చూచుకుంటాము. బిడ్డకు పెళ్ళి సంబంధము చూసేటప్పుడు రక్షణ సంగతి తరువాత, కులము సంగతి ముందు అడుగుతాము. కొన్ని ఊళ్ళలో రెండు పేటలకు రెండు మందిరాలు, నడుమ ఒక్క వీధే అడ్డము. పాటలు అవే, బైబిలు అదే, ప్రభువు ఒక్కడే. "లోకులు ఏమంటారో, మా వాళ్ళు ఏమంటారో" అనే భయము మాత్రము మనలను వేరు చేస్తున్నది. పేతురును వెనక్కు లాగినది కూడా ఆ భయమే. ఈ ఒక్క విషయములో అడుగు ముందుకు పడకపోతే, ఎన్ని ఉజ్జీవ సభలకు వెళ్ళినా మనము నారుమడిలోనే ఉన్నట్టు.

అయితే ఎదగాలంటే ఏమి చేయాలి? మూడు మాటలు గుర్తుంచుకోండి.

మొదటిది, వాక్యమును లోబడుటకై చదవండి. ఎన్ని అధ్యాయములు చదివాను అని కాదు, ఈ రోజు నేను ఏమి మార్చుకోవాలి అని అడగండి. హెబ్రీ పత్రికలో ఎదిగినవారిని గూర్చి వాడిన పదము వ్యాయామశాలలో చేసే సాధనకు సంబంధించినది. కసరత్తు చూచినవానికి బలము రాదు, చేసినవానికే వస్తుంది.

రెండవది, దిద్దుబాటును అంగీకరించండి. అంతియొకయలో పేతురుకు తగిలిన దెబ్బ చిన్నది కాదు. అతడు పెద్ద అపొస్తలుడు, పౌలు తరువాత వచ్చినవాడు. మనలో ఎవరినైనా సభలో అలా అంటే సంఘము మారిపోతాము, వేరే మందిరము కట్టుకుంటాము! పేతురు ఏమి చేశాడు? ఎదగండి అని చెప్పిన ఆ మూడవ అధ్యాయములోనే, కొంచెము పైన, పౌలును ప్రియ సహోదరుడని పిలిచి, అతని పత్రికలను లేఖనములతో కలిపి చెప్పాడు. తనను గద్దించినవానిని ప్రేమించగలిగినవాడే ఎదగండని మనకు చెబుతున్నాడు.

మూడవది, ఒక అడుగు వేయండి. మీరు ఇంతవరకు పిలువని ఒక విశ్వాసిని ఈ వారము మీ ఇంటికి భోజనానికి పిలవండి. వారు పిలిస్తే వెళ్ళండి. సంఘ పెద్దలారా, మీరు ముందుండండి. పేతురు వెనుదీస్తే బర్నబా వెనుదీశాడు. మీరు కూర్చుంటే మీ వెనుక యౌవనస్థులు కూర్చుంటారు.

ఇదంతా మన బలముతో అయ్యేది కాదని దిగులుపడకండి. కృపలో ఎదగాలి అన్నాడు పేతురు. ముమ్మారు ఎరుగనని బొంకినవానిని విడువని ప్రభువు, పాఠము మరచినవానికి మరల నేర్పిన ప్రభువు, మనలను కూడా విడువడు.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మా నోట ఉన్న సత్యమును మా పాదములలోనికి దించుము. మమ్మును దిద్దువారిని ప్రేమించు మనస్సు దయచేయుము. మనుష్యుల భయము తీసివేసి, ఒకే బల్లయొద్ద మమ్మును కూర్చుండబెట్టుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.