చదరపు మీటరుకు ఒక్క వాట్

చింతపల్లి, లంబసింగి వైపు వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. శీతకాలంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి చలి చంపేస్తుంది. మబ్బు పట్టిన రాత్రి అంత బాధ ఉండదు. పగలు కాగిన నేల రాత్రంతా ఆ వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా పైకి వదులుతూనే ఉంటుంది. గాలి పొడిగా ఉండి మబ్బు లేకపోతే అందులో చాలా భాగం అంతరిక్షంలోకి పోతుంది. అదే మే నెలలో బెజవాడ సంగతి చూడండి. తెల్లవారుజామున మేడ మీద పిట్టగోడ ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంటుంది. గాలిలోని తేమ ఆ వేడిని పోనివ్వదు, కొంత తిరిగి కిందికే పంపుతుంది.

వాతావరణ మార్పు శాస్త్రమంతా ఈ జమాఖర్చు మీదే నిలబడింది. రాత్రీ పగలూ, ధ్రువాలూ ఎడారులూ కలిపి సగటు తీస్తే సూర్యుడి నుంచి భూమికి అందేది చదరపు మీటరుకు సుమారు 340 వాట్లు. మబ్బులు, మంచు, ఇసుక నేలలు, గాలిలోని ధూళి అందులో 100 వాట్ల దాకా వచ్చిన దారినే తిప్పి పంపేస్తాయి. మిగిలిన 240 వాట్లను భూమి పుచ్చుకుంటుంది. ఎంత పుచ్చుకుంటే అంత వదిలేస్తే ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది. అయితే 240 వాట్లు వదలడానికి నేల మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉన్నా సరిపోతుంది. మన భూమి సగటు మాత్రం 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటోంది. ఆ 33 డిగ్రీల తేడా నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి వాయువుల పుణ్యం. గాలిలో 99 శాతం ఉండే నైట్రోజన్, ఆక్సిజన్‌లకు ఇందులో దాదాపు పాత్రే లేదు.

ఇది నిన్నమొన్న పుట్టిన వాదం కాదు. కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు గొట్టం ఎండలో ఎక్కువ వేడెక్కుతుందని అమెరికాలో యూనిస్ ఫుట్ అనే మహిళ 1856లోనే చూపించారు. 1859లో జాన్ టిండాల్ ఏ వాయువు ఎంత వేడిని పట్టి ఉంచుతుందో ప్రయోగశాలలో కొలిచారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వాంటే అరీనియస్ లెక్క కట్టారు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

ఈ కథలో సికింద్రాబాద్‌కూ ఒక పేజీ ఉంది. 1960లలో అన్నామలై విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివిన ఒక తమిళ కుర్రాడు సికింద్రాబాద్‌లోని ఫ్రిజ్‌ల కంపెనీలో ఉద్యోగానికి వచ్చాడు. గ్యాస్ ఎందుకు లీకవుతోందో కనిపెట్టడం అతని పని. ఆ గ్యాస్ క్లోరోఫ్లోరోకార్బన్. ఆ కుర్రాడు వీరభద్రన్ రామనాథన్. ఆ తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివి అమెరికా వెళ్లి, శుక్ర, అంగారక గ్రహాల వాతావరణాల మీద పరిశోధన చేశారు. క్లోరోఫ్లోరోకార్బన్ ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ ప్రకటించినప్పుడు లోకమంతా ఓజోన్ వైపు చూసింది. రామనాథన్‌కు మరో అనుమానం వచ్చింది: మరి వేడిని ఇదేం చేస్తుంది? నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పెద్దగా అడ్డుకోని తరంగాలు కొన్ని ఉన్నాయి. వాటి తరంగదైర్ఘ్యం సుమారు 8 నుంచి 12 మైక్రాన్లు. నేల వేడి తిన్నగా అంతరిక్షానికి పోయే దారి అదే. ఫ్రిజ్ గ్యాస్ సరిగ్గా ఆ దారికే అడ్డం పడుతుంది. దాని అణువు ఒక్కటి దాదాపు పదివేల కార్బన్ డయాక్సైడ్ అణువుల పెట్టు అని ఆయన 1975లో తేల్చారు.

ఇక ఇప్పటి లెక్కకు వస్తే, పుచ్చుకునేదానికీ వదిలేదానికీ మధ్య ఇటీవలి తేడా చదరపు మీటరుకు ఒక వాట్ అటూ ఇటూ. ఇంతేనా అనిపిస్తుంది. భూగోళమంతటికీ కూడితే అది ప్రపంచంలోని మనుషులంతా వాడే ఇంధన శక్తికి ఇరవై రెట్ల పైమాట. 240లో ఒకటిని అంతరిక్షం నుంచి తేల్చడం చిన్న పని కాదు. ఉపగ్రహాలు ఏళ్ల తరబడి వచ్చే మార్పును బాగా పట్టుకోగలవు గానీ, అసలు మిగులు ఎంతో అవి సొంతంగా చెప్పలేవు. అందుకని సముద్రాన్ని అడగాలి. అదనపు వేడిలో దాదాపు 90 శాతం చేరేది అక్కడికే. సముద్రాల్లో తేలే ఆర్గో పరికరాలు సుమారు నాలుగు వేలు ఉన్నాయి. ఒక్కోటీ వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుచుకుంటూ పైకొచ్చి ఉపగ్రహానికి కబురు పంపి మళ్లీ మునుగుతుంది. మన దేశపు ఆర్గో సమాచారాన్ని చూసుకునేది సముద్రమే లేని హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్. 2005 నుంచి 2019 వరకు ఉపగ్రహాల లెక్కనూ, సముద్రపు లెక్కనూ విడివిడిగా కట్టి పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ ఒకే మాట చెప్పాయి. ఆ కాలంలో మిగులు వేడి దాదాపు రెట్టింపైంది.

‘ఎండలు ఎప్పుడు లేవు? సూర్యుడే ముదురుతున్నాడేమో’ అనే పెద్దమనిషి ప్రతి రచ్చబండ మీదా ఉంటాడు. అడగాల్సిన ప్రశ్నే. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యశక్తిని కొలుస్తూనే ఉన్నాయి, పెరుగుదల జాడ లేదు. అంతకంటే గట్టి సాక్ష్యం ఇంకోటి ఉంది. సూర్యుడే కారణమైతే కింది గాలితోపాటు పైనున్న స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ కారణమైతే కింద వేడెక్కి పైన చల్లబడాలి. ఇలా జరుగుతుందని శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, వెదరాల్డ్ 1967లోనే లెక్కవేసి చెప్పారు. అచ్చం అలాగే జరిగింది. మనాబేకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇన్ని దశాబ్దాల ముందు చెప్పిన మాట నిజమయ్యాక కూడా ‘ఇంకా తేలలేదు’ అనడం మొండితనమే.

ఓజోన్ కోసం 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం క్లోరోఫ్లోరోకార్బన్లకు కళ్లెం వేసింది. వేడి విషయంలోనూ అది చేసిన మేలు పెద్దదే, ఎవరూ ఆ ఉద్దేశంతో మొదలుపెట్టకపోయినా. వాటి బదులు వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లు ఓజోన్ జోలికి పోవు గానీ వేడిని పట్టేస్తాయి. వాటినీ తగ్గించాలని 2016లో కిగాలీలో సవరణ చేశారు. 2021లో మన దేశం దాన్ని ఆమోదించింది. మనకు కోత మొదలయ్యేది 2032లో. అప్పటిదాకా ఈ గ్యాస్‌లతో ఎన్ని కోట్ల ఏసీలు గోడలెక్కుతాయో!

పాత ఏసీల్లో ఉండే ఆర్-22 అనే గ్యాస్ వందేళ్ల లెక్కన, బరువుకు బరువు చూస్తే, కార్బన్ డయాక్సైడ్‌కు 1,700 రెట్లకు పైనే వేడిని పట్టి ఉంచుతుంది. కొత్తవాటిలోని ఆర్-32 సైతం 650 రెట్లు దాటుతుంది. కాబట్టి ఈసారి మెకానిక్ వచ్చి ‘గ్యాస్ అయిపోయింది సార్, నింపేస్తా’ అంటే వెంటనే ఒప్పుకోకండి. ఏసీలో గ్యాస్ వాడకానికి అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. ముందు ఆ చోటు చూపించమనండి, అది పూడ్చాకే నింపమనండి. లోపల మిగిలిన గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి పట్టమనండి.