కీళ్ళవాతము – రక్తములోని కావలి కణముల పాత్ర

ద్రాక్షారామము చుట్టుపట్ల గ్రామములలో సార్వాకు ఒకసారి, దాళ్వాకు ఒకసారి ఊడుపులు సాగును. ఎకరము ఊడ్చుటకు వ్రేళ్ళు ఎన్నివేల పర్యాయములు బురదలోనికి దిగి పైకి రావలెనో ఆ పని చేసిన స్త్రీలకే తెలియును. నాటుయంత్రములు, వెదజల్లు పద్ధతి వచ్చినను పొలము పనులలో వారి చేతులకు పూర్తిగా విశ్రాంతి చిక్కలేదు. గోదావరి డెల్టాలో పంట పండుటకు కాలువ నీరు ఎంత కారణమో ఆ వ్రేళ్ళును అంత కారణము. అట్టి వ్రేళ్ళు ఉదయము లేవగనే బిగిసికొనిపోయి, పిడికిలి ముడువరాక, చెంబు పట్టుటకైనను శక్తి చాలకపోయినచో ఆ యింటి కూలి డబ్బులు, ఆ యింటి వంట రెండును కుంటువడును.

ఇంటివారు దానిని "వాతము" అని సరిపెట్టుకొందురు. వయసు మీద పడినదందురు. నీటిలో నానినందువలన వచ్చినదందురు. ఇట్లు సరిపెట్టుకొన్న నెలలలోనే కీలు మరల బాగుపడని విధముగా చెడిపోవుచున్నది. ఈ వ్యాధి యెట్టిది, ఇందులో మన రక్తమునందలి మోనోసైట్లు అను కణములు చేయుచున్న పని యేమి, పంచాయతీ సభ్యులు చేయదగినది యేమి అను మూడు విషయములను ఇచట వివరింపదలచితిమి.

వాతములన్నియు ఒకటి కావు

కీళ్ళనొప్పులన్నిటికిని కారణము ఒక్కటే కాదు. వయసు మళ్ళినవారికి మోకాళ్ళు అరిగి నొప్పి పుట్టుట వేరు. అది నడచినకొలది హెచ్చి, విశ్రమించినచో తగ్గును. కాలి బొటనవ్రేలి మొదట రాత్రికి రాత్రి ఎఱ్ఱగా వాచుట వేరు. అది రక్తమున యూరిక్ ఆమ్లము హెచ్చుటవలన కలుగును. 2005–06లో మన రాష్ట్రమున చికున్‌గున్యా వ్యాపించినపుడు జ్వరము తగ్గిన పిమ్మట కూడ నెలల తరబడి కీళ్ళు నొచ్చినవారు పెక్కుమంది గలరు. దానిని మోసుకొనివచ్చునది దోమ.

మేమిపుడు చెప్పుచున్నది వీనికంటె భిన్నమైనది. దీనిని వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అందురు. ఆయుర్వేదమున చెప్పబడిన ఆమవాతము దీనికి దగ్గరగా నున్నది. ఇందులో చేతివ్రేళ్ళ మొదళ్ళు, నడిమి కణుపులు, మణికట్లు, పాదముల ముందుభాగములు వాచును. చాలమందికి కుడియెడమలు రెండును ఒకే రీతిగా వాచును. ఉదయము లేచిన తరువాత అరగంటకు పైగా, తరచు గంటకు పైగా, కీళ్ళు బిగిసియుండి, కదలించినకొలది కొంత వదలును. దీనితోపాటు అలసట, ఆకలి మందగించుట, సన్నని జ్వరము ఉండవచ్చును. ఆరు వారములు గడచినను వాపు తీయదు.

పెద్దవారిలో 1,000 మందికి 5 మొదలు 10 మంది వరకు ఈ వ్యాధి యుండునని వైద్యుల అంచనా. పురుషులకంటె స్త్రీలకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈ లెక్కన 4,000 మంది పెద్దవారున్న గ్రామమున 20 మొదలు 40 మంది దీనితో బాధపడుచుండవచ్చును. కనుక ఇది ఎక్కడనో పట్టణములలో నుండు వింత వ్యాధి కాదు. మన వార్డులోనిదే.

మోనోసైట్లు అనగా నేమి?

ఒక ఘనపు మిల్లీమీటరు రక్తమున తెల్లకణములు సుమారు 4,000 మొదలు 11,000 వరకు ఉండును. వానిలో నూటికి 2 మొదలు 10 వరకు మోనోసైట్లు. ఇవి ఎముకల మూలుగలో పుట్టి, రక్తమున ఒకటి మొదలు మూడు దినములు సంచరించును. దేహమున ఎచటనైన గాయము తగిలినను, సూక్ష్మక్రిములు చొచ్చినను, అచటినుండి వెలువడు రసాయనముల పిలుపును అందుకొని రక్తనాళమును దాటి ఆ చోటికి చేరును. అచట మాక్రోఫేజులు అను పెద్ద కణములుగా మారి క్రిములను, చచ్చిన కణములను మ్రింగివేయును. 1882లో ఇల్యా మెచ్నికోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఇటలీలోని మెస్సీనా పట్టణమున నక్షత్రచేప పిల్లల శరీరములో ముల్లు గ్రుచ్చి చూడగా, మరునాటికి కణములు ఆ ముల్లు చుట్టును మూగియుండెను. మ్రింగు కణములు దేహమును కాపాడునను సిద్ధాంతమునకు అది మొదలు. అందులకు ఆయనకు 1908లో నోబెల్ బహుమానములో భాగము లభించినది.

కాలువకట్టకు గండి పడినపుడు మన గ్రామములలో జరుగునది తలచుకొన్నచో ఈ కణముల పని సులువుగా బోధపడును. కేక విన్నంతనే పారలు, తట్టలు, ఇసుక బస్తాలు తీసికొని జనము పరుగెత్తుదురు. గండి పూడ్చుదురు. పూడినపిదప ఎవరి యిండ్లకు వారు పోవుదురు. ఆరోగ్యవంతుని దేహమున మోనోసైట్లు చేయునది ఇంతే.

కీలులో జరుగునది

కీళ్ళవాతమున గండి లేకయే కేక పుట్టును. దేహమును కాపాడవలసిన రోగనిరోధక శక్తి తన మాంసకృత్తులనే పరాయివిగా భ్రమించి, వానికి ప్రతికూలమైన పదార్థములను తయారుచేయును. ఇవి కీళ్ళు వాచుటకు కొన్ని సంవత్సరములకు పూర్వమే రక్తమున కనబడవచ్చును. వంశపారంపర్యము కొంతవరకు ఇందుకు కారణము. పొగ త్రాగుట మరియొక కారణము. చుట్ట యైనను, బీడీ యైనను, సిగరెట్టైనను దాని పొగ ఊపిరితిత్తులలోని మాంసకృత్తులను మార్చి ఈ భ్రమకు తావిచ్చును.

కేక పుట్టగనే మోనోసైట్లు కీలు లోపలి పలుచని పొరలోనికి గుంపులుగా చేరును. గండి కనబడకున్నను మరలిపోవు. అచటనే మాక్రోఫేజులుగా మారి టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అను రసాయనములను విడుచును. ఈ రసాయనములు మరికొన్ని మోనోసైట్లను పిలుచును. వచ్చినవి తిరిగి రసాయనములను విడుచును. పలుచని పొర దళసరియై, వాచి, మృదులాస్థి మీదికి ప్రాకును.

అంతకంటె పెద్ద నష్టము ఎముకకు కలుగును. ఎముకను కొద్దికొద్దిగా తొలచివేయు కణములు మన దేహమున సహజముగానే గలవు. పాత ఎముకను ఇవి తీసివేయగా వేరు కణములు క్రొత్త ఎముకను కట్టును. ఈ తొలుచు కణములు మోనోసైట్ల వంశమునకు చెందినవే. వాచిన కీలులో వీని సంఖ్య మితిమీరును. తొలుచుట సాగును, కట్టుట సాగదు. గండి పూడ్చ వచ్చినవారు కట్టనే త్రవ్విపోసినట్లగును. ఇట్లు పడిన గుంటలు తిరిగి పూడుట అరుదు. వ్యాధి మొదలైన తొలి రెండు సంవత్సరములలోనే ఇట్టి నష్టము చాలమందికి కనబడును. అందువలననే తొలి నెలలలో మొదలిడిన వైద్యమునకు విలువ హెచ్చు.

అట్లని ఈ కణములన్నియు శత్రువులు కావు. కీలు పొరకు కంచెవలె నిలిచి వాపును అడ్డగించు మాక్రోఫేజులు కూడ గలవని 2019లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఎలుకలలో కనుగొనిరి. క్షయ క్రిమిని చుట్టుముట్టి నిర్బంధించి యుంచునవి కూడ ఈ వంశపు కణములే. కనుక కావలివారిని నిర్మూలించుట వైద్యము కాదు. వారి ఉద్రేకమును అణచుటయే వైద్యము.

భీమవరమున పుట్టిన శాస్త్రజ్ఞుడు

ఈ ఉద్రేకమును అణచు మందులలో నేటికిని ప్రపంచమంతట మొదట వాడబడుచున్నది మెథోట్రెక్సేట్. దీని చరిత్ర మన డెల్టాతో ముడిపడి యున్నది. పంచారామములలో భీమేశ్వరుని ద్రాక్షారామము ఒకటి కాగా, సోమేశ్వరుని భీమవరము మరియొకటి. ఆ భీమవరమున 1895 జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. రాజమహేంద్రవరమున చదివి, మద్రాసు వైద్యకళాశాలలో వైద్యము నేర్చి, అమెరికా చేరిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున ప్రవేశించిరి. ఆయన నాయకత్వమున అచటి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. బోదకాలు నివారణకై మన గ్రామములలో ఇంటింట పంచుచు వచ్చిన డి.ఇ.సి. మాత్ర కూడ ఆ పరిశోధనాలయము నుండి వెలువడినదే.

ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు పదార్థములను కూడ ఆ బృందము తయారుచేసినది. వానిలో ఒకటియగు ఎమినాప్టెరిన్‌ను బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు వాడి, 1948లో ఫలితములను ప్రకటించెను. 1951లో దానిని కీళ్ళవాతమునకు వాడి చూచిరి. దాని సోదరియే మెథోట్రెక్సేట్. 1988లో అమెరికా ప్రభుత్వము దీనిని కీళ్ళవాతమునకు వాడుటకు అనుమతించినది. సుబ్బారావుగారు 1948లోనే న్యూయార్కులో మరణించిరి. తన బృందము చేసిన పని కీళ్ళవాత రోగులకు ఇంతగా ఉపకరించుట ఆయన చూడలేదు.

మందు విషయమున జాగ్రత్తలు

ఈ మాత్రను కీళ్ళవాతమునకు వారమునకు ఒక్క దినము మాత్రమే తీసికొనవలెను. ఇది ముఖ్యాతిముఖ్యము. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో నోరు పుండై, మూలుగ దెబ్బతిని, ప్రాణమునకే ముప్పు రావచ్చును. చదువురానివారికి "సంత నాడు" వంటి గుర్తుగల దినమును నిర్ణయించి చెప్పుట మేలు. వైద్యుడు చెప్పిన ఇతర దినములలో ఫోలిక్ ఆమ్లపు మాత్ర వేసికొన్నచో బాధలు తగ్గును. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకొని కాలేయము, రక్తకణములు సరిగా నున్నవో లేవో చూచుకొనవలెను. మద్యము మానవలెను. గర్భిణులు దీనిని వాడరాదు. బిడ్డను కోరువారు ముందుగానే వైద్యునితో చెప్పవలెను. గుణము కనబడుటకు ఆరు మొదలు పన్నెండు వారములు పట్టును కనుక, తొందరపడి మధ్యలో మానరాదు.

టి.ఎన్.ఎఫ్.ను నేరుగా అడ్డగించు సూదిమందులు కూడ 1990 తరువాత వచ్చినవి. అవి నిర్బంధములోనున్న క్షయను మేలుకొలుపవచ్చును గనుక ముందుగా క్షయ పరీక్ష తప్పనిసరి.

గ్రామములలో ఎక్కువగా కనబడు ప్రమాదము వేరు. పేరులేని పొడులు, పొట్లములు, నొప్పి తక్షణమే తీయు సూదులు కొందరు ఇచ్చుచుందురు. వానిలో తరచు స్టెరాయిడ్ మందు ఉండును. వైద్యుని పర్యవేక్షణలో కొద్దికాలము వాడినచో అది ఉపకరించునదే. ఎవరును చూడక నెలల తరబడి వాడినచో ముఖము ఉబ్బును, మధుమేహము వచ్చును, ఎముకలు గుల్లయగును. నొప్పి తగ్గినది గదా యని అసలు వైద్యము మానుట వలన కీలు లోలోపల చెడుచునే యుండును.

పంచాయతీ చేయదగినది

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు చేరియున్నవి. కనుక ఈ పని సభ్యుల పరిధిలోనిదే.

మొదట, ప్రతి వార్డు సభ్యుడు ఆశా కార్యకర్తతో కలసి, చేతికీళ్ళు వాచి ఆరు వారములు దాటినవారిని గుర్తింపవలెను. అడుగవలసిన ప్రశ్నలు మూడే: ఉదయము పిడికిలి ముడువవచ్చుచున్నదా? బిగువు అరగంటకు మించి యుండునా? వాపు రెండు చేతులకును ఉన్నదా? సందేహమున్నవారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు, అచటి వైద్యుని సలహాపై కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి పంపవలెను. ఆ ఆస్పత్రి 1958లో నెలకొల్పబడిన రంగరాయ వైద్యకళాశాలకు అనుబంధమైనది. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి., రుమటాయిడ్ ఫాక్టర్, యాంటీ సి.సి.పి. అను రక్తపరీక్షల వలన, కీళ్ళను స్వయముగా చూచుట వలన వైద్యులు వ్యాధిని నిర్ణయింతురు.

రెండవది, తోడు. కూలి మానుకొని, బస్సు ఖర్చు పెట్టుకొని నెలనెల కాకినాడ పోవుట పేద స్త్రీకి సులభము కాదు. ఒకే దినమున పోవలసినవారిని కలిపి, మహిళా సంఘములో చదువువచ్చిన ఒకరిని వెంట పంపినచో మందు చీటి అర్థమగును, మధ్యలో వైద్యము ఆగదు.

మూడవది, ప్రచారము. కార్తికమాసమున, శివరాత్రికి భీమేశ్వరస్వామి దర్శనమునకు చుట్టుపట్ల గ్రామములనుండి వేలకొలది జనము ద్రాక్షారామము వచ్చుదురు. అట్టి సమయములలో పై మూడు ప్రశ్నలను పెద్ద అక్షరములతో వ్రాసిన బోర్డు ఒకటి నిలిపినచో ఎందరో చదువుకొందురు. పొగాకు మానుమని చెప్పుటకును అదియే తగిన తావు.

చేతులు వంకరపోయినవారికి సదరం శిబిరములలో ధ్రువపత్రము, దాని వలన పింఛను లభింపవచ్చును. అర్హులకు దానిని ఇప్పించుట మన బాధ్యతయే. కాని ఆ పత్రము వచ్చునాటికి వ్రేళ్ళు పోయి యుండును. వాపు మొదలైన నెలలలోనే రోగిని వైద్యుని కడకు చేర్చినచో చాలమందికి ఆ పత్రముతో పని యుండదు. రాబోవు గ్రామసభలో ఈ విషయమును ఒక అంశముగా చేర్చి, వార్డులవారీగా పేర్లు వ్రాసికొనుటతో పని ప్రారంభింపవలెనని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.